మేడ మీద సౌర విద్యుత్ మోసం కాదు: చేతులు మారుతున్న ఒక సందేశానికి ఖండన

నెల రోజులుగా ఒకే సందేశం ఐదారు వైపుల నుంచి నా ఫోనుకు వచ్చింది. ఒకరు మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు, ఒకరు మా ఊరి చుట్టాల గ్రూపులో పెట్టారు, ఇంకొకరు పాత సహోద్యోగి. పంపినవాళ్లెవరికీ దురుద్దేశం లేదు. నలుగురి డబ్బు వృథా కాకూడదనే పంపారు. అందుకే తోసిపుచ్చకుండా ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

సందేశం సారాంశం ఇది. సౌర ఫలకం (సోలార్ ప్యానెల్) తయారీకి పట్టే కరెంటు, అది జీవితమంతా ఇచ్చే కరెంటు కంటే ఎక్కువ. మన ఎండలకు ఫలకాలు ఆగవు, వానాకాలంలో అసలు పనిచెయ్యవు. కరెంటు పోతే సౌర విద్యుత్తూ పోతుంది. సబ్సిడీ రాదు, బిల్లు తగ్గదు. రాత్రికి ఎలాగూ బొగ్గే దిక్కు. పాతికేళ్ల తరువాత మిగిలేది విషపు చెత్త. చివరగా, ఇది ప్రభుత్వాలు, డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) చూసుకోవలసిన పని, పంచాయతీకీ మునిసిపాలిటీకీ ఇందులో చెయ్యగలిగిందేమీ లేదు.

మొదటి మాట పూర్తిగా తప్పు. ఇసుక నుంచి సిలికాన్ తీసి శుద్ధి చెయ్యడానికి చాలా విద్యుత్ కావాలన్నది నిజమే. దశాబ్దాల కిందట ఫలకాల సామర్థ్యం తక్కువగా, తయారీ ఖర్చు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ అనుమానానికి కొంత చోటుండేది. ఇప్పుడు మన దేశపు ఎండలో ఒక ఫలకం తన తయారీకి పట్టిన విద్యుత్తును ఒకటి రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది. తయారీదారులు హామీ ఇచ్చేది 25 ఏళ్లకు. మిగిలిన ఇరవై పైచిలుకు ఏళ్ల ఉత్పత్తి అంతా మిగులే.

ఎండ సంగతిలో సగం నిజం ఉంది. ఫలకం మీద రాసి ఉండే సామర్థ్యాన్ని 25 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు చేరిందనుకుంటే తగ్గేది సుమారు 14 శాతం. 86 శాతం వస్తూనే ఉంటుంది కదా! మన కంటే ఎండ ఎంతో తక్కువగా ఉండే జర్మనీలో సౌర విద్యుత్ సామర్థ్యం 2025 నాటికి లక్ష మెగావాట్లకు చేరింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాటు ఫలకాలు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల వరకు ఇస్తాయి. ముసురు పట్టిన రోజు అది ఒకటి రెండు యూనిట్లకు పడిపోతుంది, ఎండాకాలంలో సగటును మించుతుంది. ఈ హెచ్చుతగ్గులను సర్దడానికే నెట్ మీటర్ ఉంది. ఇంట్లో వాడగా మిగిలినది లైనులోకి వెళ్లి మన ఖాతాలో జమ అవుతుంది, తక్కువపడినప్పుడు అందులోంచి తీసుకుంటాం. లెక్క తేల్చే గడువు నాటికీ వాడకుండా మిగిలిన యూనిట్లకు డిస్కం కట్టే రేటు మాత్రం తక్కువ. కాబట్టి అవసరాన్ని మించి ఫలకాలు పెట్టడం తెలివైన పని కాదు.

కరెంటు పోతే సౌర విద్యుత్తూ ఆగిపోతుందన్నది, బ్యాటరీ లేని మామూలు ఏర్పాటు విషయంలో నిజమే. దాన్ని మోసం అనడమే నన్ను బాధించింది. లైను చచ్చిందని నమ్మి ఒక లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మన మేడ మీది కరెంటు ఆ తీగలోకి ప్రవహిస్తే అతని ప్రాణం పోతుంది. అలా జరగకుండా, ఫలకాల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను, లైనులో కరెంటు లేదని గుర్తించగానే తనంతట తాను ఆగిపోయేలా తయారుచేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన తరువాత మా విశాఖ వీధుల్లో పగలూ రాత్రీ స్తంభాలు నిలబెట్టినవాళ్లను చూసినవారెవరూ ఈ జాగ్రత్తను లోపమనరు. కోతల సమయంలోనూ కరెంటు కావాలనుకునేవారు బ్యాటరీ ఉన్న ఏర్పాటు పెట్టుకోవచ్చు, ఖర్చు ఎక్కువవుతుంది. అమ్మేవాడు ఈ తేడాను ముందే చెప్పాలి. చెప్పకపోతే తప్పు అమ్మినవాడిది, ఫలకానిది కాదు.

ఇక డబ్బు లెక్క. ఎక్కువమందిని ఆపుతున్నది ఇదే కాబట్టి నిదానంగా చూద్దాం.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 కేంద్రం ఇస్తుంది. 3 కిలోవాట్లకు మొత్తం 78,000. ఆపైన ఎంత పెట్టినా అంతే. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు ఊరిని, సరుకును బట్టి 1.8 లక్షల నుంచి 2.1 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది లక్ష నుంచి లక్షా ముప్పై వేలు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని తీసుకోండి. 30 యూనిట్ల వరకు 1.90, తరువాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 8.75 చొప్పున స్లాబులు వేసి కూడితే వినియోగ ఛార్జీ ఒక్కటే 1,673 రూపాయలు. ఏడాదికి ఇరవై వేలు. అంటే పెట్టుబడి ఐదారేళ్లలో తిరిగి వస్తుంది. మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. స్థిర ఛార్జీ వంటివి కట్టాల్సిందే.

నెలకు 100 యూనిట్లే వాడే ఇంటి లెక్క వేరు. అదే టారిఫ్‌లో వాళ్ల వినియోగ ఛార్జీ 305 రూపాయల దగ్గర ఆగుతుంది. వాళ్లు ఒక కిలోవాటు పెట్టుకుంటే పెట్టుబడి రాబట్టుకోవడానికి పదేళ్లు దాటవచ్చు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు ఉచితంగా పొందుతున్న కుటుంబానికి బిల్లులో ఆదా అయ్యేదే ఉండదు. వీళ్లను సొంత డబ్బు పెట్టమని నేను అడగను. ఆ ఇళ్ల మేడలను వాడుకునే బాధ్యత ప్రభుత్వాలదే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా అమర్చాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆలోచన సరైనదని నా నమ్మకం. కానీ 300 యూనిట్లు కాల్చే మధ్యతరగతి ఇల్లు ఈ సందేశం చదివి వెనక్కి తగ్గితే నష్టపోయేది ఆ ఇల్లే.

సబ్సిడీ రాలేదన్నవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. చాలామంది రెండు చోట్ల దెబ్బతింటున్నారు. పథకం పోర్టల్‌లో నమోదైన సంస్థతోనే పని చేయించాలి. దేశంలో తయారైన సెల్స్‌తో (ఫలకంలో కరెంటు పుట్టించే బిళ్లలతో), దేశంలోనే తయారైన ఫలకాలనే పెట్టాలి. నాలుగు డబ్బులు తక్కువని దిగుమతి ఫలకాలు పెట్టించుకుంటే సబ్సిడీ పోతుంది. మొదట మొత్తం మనమే కట్టాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. పని పూర్తయి నెట్ మీటర్ బిగించాకే సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది. నెట్ మీటర్ కోసం మా తమ్ముడు ఏడు వారాలు తిరిగాడు. ఆ కోపం నాకూ ఉంది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్లలోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అవసరం లేదు, వాటిని ఆమోదించినట్టే భావించాలి. ఇది తెలిసి అడిగేవారికి పని త్వరగా అవుతుంది.

రాత్రికి బొగ్గే కదా అన్నది తేలిగ్గా తీసెయ్యదగ్గ మాట కాదు. దేశంలో పుట్టే విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గుదే. అయినా పగలు మేడల మీద పుట్టే ప్రతి యూనిట్ అంత బొగ్గును మిగులుస్తుంది. విశాఖ పక్కనే పరవాడలో థర్మల్ కేంద్రపు బూడిదను కళ్లారా చూసిన మాకు ఆ మిగులు విలువ తెలుసు. అక్కడి సింహాద్రి థర్మల్ కేంద్రమే 2021లో తన జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే ఫలకాలు పరిచింది. పగటి మిగులును రాత్రికి దాచే ఉపాయమూ మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోనూ వెనక్కి తిరిగే యంత్రాలున్నాయి. కరెంటు మిగిలిన వేళ అవి నీటిని పైకి ఎత్తుతాయి, కావలసిన వేళ ఆ నీటినే కిందికి వదిలి విద్యుత్ తీస్తాయి.

చెత్త విషయం క్లుప్తంగా చెబుతాను. ఫలకంలో బరువు ఎక్కువగా గాజుదే, అల్యూమినియమూ ఉంటుంది. టంకంలో కొద్దిగా సీసం ఉంటుంది కాబట్టి చెత్తకుప్పలో పారెయ్యకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల్లో సౌర ఫలకాలనూ చేర్చారు, తయారీదారులకు బాధ్యత అప్పగించారు. ఆ నియమం సక్రమంగా అమలయ్యేలా మనం ఒత్తిడి తేవాలి.

ఇప్పుడు చివరి మాట. నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణం ఇదే. స్థానిక సంస్థలకు ఇందులో చెయ్యగలిగిందేమీ లేదన్న మాట అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుంది. మిగతావి ఒక ఇంటిని ఆపుతాయి, ఇది ఊరినే ఆపుతుంది.

కోయంబత్తూరు జిల్లాలో ఓదంతురై అనే పంచాయతీ ఉంది. వీధి దీపాల బిల్లు, మంచినీటి మోటార్ల బిల్లు ఏటేటా పెరిగి పంచాయతీ ఆదాయాన్ని తినేస్తుంటే, 2006లో వాళ్లు 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. కొంత పంచాయతీ పొదుపు, మిగతాది బ్యాంకు అప్పు. తమ అవసరాలు పోగా మిగిలిన విద్యుత్తును రాష్ట్ర విద్యుత్ బోర్డుకు అమ్మారు, అప్పు తీర్చారు. అది ముఖ్యమంత్రి ఊరు కాదు, పెద్ద పరిశ్రమలున్న ఊరూ కాదు. నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లిలో దాదాపు 480 ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల ఫలకాలు పెట్టారంటే, అది తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంత ఊరు కాబట్టి జరిగిందని ఎవరైనా అనవచ్చు. ఓదంతురై గురించి ఆ మాట అనలేరు.

మా విశాఖ సంగతి చూడండి. హుద్‌హుద్ వీధి దీపాలను నేలకూల్చాక నగరపాలక సంస్థ పాత దీపాలనే తిరిగి బిగించలేదు. 90 వేలకు పైగా దీపాలను ఎల్ఈడీలుగా మార్చింది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం వచ్చింది. తాగునీటి చెరువు మీద ఫలకాలు పరిస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, నీటి చల్లదనానికి ఫలకాల వేడీ తగ్గుతుంది. స్థలం కొనే పని లేదు.

చిన్న పంచాయతీలకు డబ్బెక్కడిదని అడగవచ్చు. తన పరిధిలో పథకం కింద అమర్చిన ప్రతి ఇంటి లెక్కన స్థానిక సంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకం సూర్యఘర్‌లోనే ఉంది. జిల్లాకొక ఆదర్శ సౌర గ్రామాన్ని పోటీ మీద ఎంపిక చేసి కోటి రూపాయలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. 5,000 జనాభా దాటిన గ్రామాలు పోటీలో నిలవవచ్చు. ఈ రెండు సంగతులూ తెలియని వార్డు సభ్యులు నాకు చాలామంది తగిలారు.

పెట్టి వదిలేస్తే మాత్రం ఏదీ నిలవదు. బీహార్‌లోని ధర్నాయి గ్రామంలో 2014లో ఎంతో పేరుతో మొదలైన సౌర విద్యుత్ వ్యవస్థ, కొన్నేళ్లకే బ్యాటరీలు పోయి మూలపడింది. ఓదంతురైలో బిల్లు కట్టేది పంచాయతీ, గాలిమర పంచాయతీది, దాని లాభమూ పంచాయతీదే. కాబట్టి అది ఆగిపోతే అడిగే నాథుడున్నాడు. ఫలకాల దుమ్ము ఎవరు కడుగుతారు, ఇన్వర్టర్ చెడితే ఎవరిని పిలవాలి, ఖర్చు ఏ పద్దులోంచి వస్తుంది? సర్పంచ్ సంతకం పెట్టేముందే గ్రామసభలో ఈ ప్రశ్నలకు జవాబులు రావాలి.

మా అపార్ట్‌మెంటు సంఘానికీ ఇదే వర్తిస్తుంది. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టే ఫలకాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. వచ్చే ఆదివారం సంఘం సమావేశం. గత పన్నెండు నెలల ఉమ్మడి మీటరు బిల్లులు తీసి, నెలవారీ యూనిట్లు ఒక కాగితం మీద రాసి పెట్టాను. సందేశం పంపిన మూడో అంతస్తు పెద్దాయనకు మొదటి ప్రతి ఇచ్చి, లెక్కలో తప్పుంటే దిద్దమని అడిగాను.