ఇన్‌హేలర్ అంటే భయం ఎందుకు?

గుంటూరు, విజయవాడల్లో ఆయాసంతో బాధపడే పెద్దవాళ్లకి ఫోన్ చేస్తే తరచూ వినే మాట: "అది పీలిస్తే అలవాటైపోద్దంటరా, మరీ ఇబ్బందైతేనే వాడుతున్నా." మందు వల్ల జరిగే హాని కంటే ఈ భయం చేసే హానే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఆస్తమా, సీఓపీడీ (పొగ వల్ల ఎక్కువగా వచ్చే, ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) రెండూ కలిసి ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండి, ఆ పైన ఏళ్ల తరబడి చుట్టలు కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసినవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. పరిశోధనలు మాత్రం వీళ్లని పెద్దగా పట్టించుకోలేదు. ఆస్తమా మందుల ప్రయోగాల్లో పొగతాగేవాళ్లని, సీఓపీడీ ప్రయోగాల్లో ఆస్తమా ఉన్నవాళ్లని పక్కన పెట్టడం చాలాకాలం మామూలుగా జరిగింది. రెండూ ఉన్న మన పెద్దనాన్న ఏ లెక్కలోకీ రాలేదు.

అయినా కొన్ని సంగతులు తేలాయి. 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో, ఆస్తమా చికిత్సకి సాల్మెటెరాల్ (ఊపిరి గొట్టాలని ఎక్కువసేపు తెరిచి ఉంచే పీల్చే మందు) జోడించినవాళ్లలో ఆస్తమా మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే స్టీరాయిడ్ తోడు లేకుండా ఆ రకం మందు ఒక్కటే ఆస్తమాకి వాడకూడదన్నది ఇప్పుడు స్థిరపడిన నియమం. అందుకే రెండు జబ్బులూ ఉన్నవాళ్లు పీల్చే స్టీరాయిడ్‌ని సొంతంగా మానేయకూడదు. దానికీ ఇబ్బందులున్నాయి. సీఓపీడీ రోగుల మీద మూడేళ్లు నడిచిన టార్చ్ అధ్యయనంలో (2007) స్టీరాయిడ్ పీల్చినవాళ్లకి న్యుమోనియా ఎక్కువ వచ్చింది. నోట్లో తెల్లపూత కూడా రావచ్చు, పీల్చాక పుక్కిలిస్తే చాలావరకు రాదు.

నాకు అసలు టెన్షన్ మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టీరాయిడ్ మాత్రలతోనే. ఇన్‌హేలర్‌లో స్టీరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో. ఇన్‌హేలర్‌కి భయపడేవాళ్లే ఆ మాత్రలు నెలల తరబడి మింగి షుగర్ పెంచుకుంటున్నారు, ఎముకలు గుల్ల చేసుకుంటున్నారు.

మా పెద్దమ్మ క్యాప్సూల్ పరికరంలో పెట్టి, తిప్పి, పీల్చేముందు అందులోకే ఊదేది. పొడి తడిసి క్యాప్సూల్‌కే అంటుకుపోయేది. కొత్తపేటలో డాక్టరు గారు రాసిన మందు పనిచేయట్లేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒకసారి వీడియో కాల్‌లో, వాడిన క్యాప్సూల్ విప్పి చూపించమంటే సగం పొడి అలాగే ఉంది. ఊపిరి బయటికి పక్కకి వదిలి, ఆ తర్వాత పరికరం నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి, కాసేపు బిగబట్టడం ఆవిడకి ఎవరూ చేసి చూపించలేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మన సంఘం పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూసి పంపేస్తున్నాం. ఈసారి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి ఎంత, ఎంత వేగంగా వస్తుందో కొలిచే పరీక్ష కూడా పెడదాం. ఊపిరి గొట్టాలు తెరిచే మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి ఊదిస్తే ఛాతీ డాక్టరుకి జబ్బు తీరు అంచనా వేయడం తేలికవుతుంది. పక్కనే ఒక టేబుల్ వేసి, ఎవరి ఇన్‌హేలర్ వాళ్ల చేతికిచ్చి వాడి చూపించమనే నర్సుని కూర్చోబెడదాం. ఆ ఖర్చులో నా వంతు నేనిస్తాను.