నిబంధన కట్టింది కోచ్ నోటిని, పిల్లల చేతులను కాదు

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. న్యూజెర్సీలో ఉండే మా వదిన కూడా దాన్నే నాకు పంపి, ఆ రాత్రే ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతి, బేస్‌బాల్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు. "ఇంతవరకు ఒక్క కాలేజీ కోచ్ కూడా వాణ్ణి పలకరించలేదు. మేము ఆలస్యం చేశామా?" అని అడిగారు. ఆ గొంతులోని దిగులు విన్నాకే ఇది రాయాలనిపించింది.

సందేశం సారాంశం ఇది: కాలేజీలు ఆటగాళ్లను ఎనిమిదో తరగతిలోనే ఎంచుకుంటాయి, తొమ్మిది దాటితే ఆశ వదులుకోవాలి. పిల్లలు తమంతట తాము కోచ్‌కు రాస్తే నిబంధన ఉల్లంఘించినట్టు, అర్హత పోతుంది. కాలేజీ శిక్షణ క్యాంపుకు ఆహ్వానం వచ్చిందంటే ఎంపికైనట్టే. ఎంపికైతే నాలుగేళ్ల చదువు పూర్తిగా ఉచితం, మార్కులు ఎవరూ అడగరు. కోచ్ మాట ఇస్తే సీటు ఖాయం. ఇదంతా తల్లిదండ్రుల వల్ల కాదు కాబట్టి డబ్బు కట్టి, కాలేజీ జట్లలో ఎంపికకు (రిక్రూటింగ్) సాయపడే సర్వీసులో చేరాలి.

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్‌లో క్యాచర్, అంటే పిచర్ వేసిన బంతిని పట్టే అమ్మాయి, ఇప్పుడు పన్నెండో తరగతి. నాలుగేళ్లుగా ఈ దారిలోనే నడుస్తున్నాం. ఆ అనుభవంతో, నిబంధనలు చదివిన ఓపికతో చెబుతున్నాను. ఈ సందేశాన్ని నమ్మి నడిస్తే పిల్లలు నష్టపోతారు.

మొదట ఆ ఎనిమిదో తరగతి మాట. ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు సాఫ్ట్‌బాల్‌లో ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు కాలేజీలకు మాట ఇచ్చేసిన రోజులున్నాయి. ఆ వయసు పిల్లలకు కోచ్ తనంతట తాను ఫోన్ చేయకూడదన్న నియమం అప్పుడూ ఉంది. కానీ అమ్మాయే చేస్తే కోచ్ ఎత్తి మాట్లాడవచ్చు. అందుకని ట్రావెల్ టీమ్ (స్కూలు బయటి క్లబ్ జట్టు) కోచ్ ద్వారా "ఫలానా రోజు, ఫలానా గంటకు ఫోన్ చేయమనండి" అని కబురు పెట్టేవారు. పదమూడేళ్ల పిల్ల, పెద్దయ్యాక ఏం చదవాలో కూడా తెలియకముందే, ఏ ఊరిలో చదవాలో తేల్చేసుకునేది. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని మూడు స్థాయిల్లో పైదైన డివిజన్ 1, 2018 ఏప్రిల్‌లో ఆ తలుపు మూసింది. ఇప్పుడు సాఫ్ట్‌బాల్‌లో పదకొండో తరగతి సెప్టెంబరు 1 రాకముందు డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. ఫోన్ వచ్చినా ఎత్తి ఆ మాటలు ఆడకూడదు. బేస్‌బాల్‌కు ఇలాంటి కట్టడి 2023లో వచ్చింది. అక్కడ గడువు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1.

అంటే తొమ్మిదో తరగతి కుర్రాడికి డివిజన్ 1 కోచ్ నుంచి పిలుపు రాలేదంటే, ఆ కోచ్ నిబంధన పాటిస్తున్నాడనే అర్థం. మా వదినకు నేను చెప్పిన మొదటి మాట ఇదే. పైగా ఎన్‌సీఏఏలో సుమారు 1100 కాలేజీలున్నాయి, డివిజన్ 1 అందులో మూడో వంతే. డివిజన్ 3 కోచ్‌లు పిల్లలతో ఫోన్‌లో, ఈమెయిల్‌లో ఎప్పుడైనా మాట్లాడవచ్చు. జూనియర్ కాలేజీల్లోనూ ఇలాంటి క్యాలెండర్ పీడ లేదు. అక్కడ పన్నెండో తరగతి వసంతంలో కూడా జట్టులో చోటు దొరికిన పిల్లలను చూశాను.

రెండో మాట అన్నిటికంటే హానికరం: పిల్లలు రాస్తే ఉల్లంఘన అట. నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. నిబంధన కట్టింది కోచ్‌నే. పిల్లలు ఏ తరగతిలో ఉన్నా, ఏ కోచ్‌కైనా ఈమెయిల్ రాయవచ్చు, వీడియో పంపవచ్చు. గడువుకు ముందు కోచ్ దానికి రిక్రూటింగ్ జవాబు ఇవ్వలేడు, అంతే. క్యాంపు కరపత్రం, వివరాలు నింపే ప్రశ్నావళి, ఎన్‌సీఏఏ సమాచార పత్రాలు మాత్రం ఎప్పుడైనా పంపవచ్చు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో పద్నాలుగు కాలేజీలకు రాసింది. మూడు ప్రశ్నావళులు వచ్చాయి, మిగతా చోట్ల నుంచి మౌనం. ఒక టోర్నమెంటులో తనకు బాగా ఇష్టమైన కాలేజీ కోచ్ ఎదురుపడి, "హలో" అని చిరునవ్వు నవ్వి వెళ్లిపోయింది. ఆ రోజు కారులో ఇంటిదాకా ఏడ్చింది. "నేనంటే ఇష్టం లేదమ్మా" అంది. ఎదురుపడితే పలకరింపు దాటి మాట్లాడకూడదన్న నియమం ఉందని అప్పటికి నాకు కూడా తెలియదు. తెలిసి ఉంటే ఆ ఏడుపు తప్పించేదాన్ని. పదకొండో తరగతి సెప్టెంబరు 1న, అర్ధరాత్రి దాటిన కొన్ని నిమిషాలకే, వచ్చిన తొలి సందేశాల్లో ఒకటి ఆ కోచ్‌దే. తొమ్మిదో తరగతిలో రాసిన ఉత్తరం ఆమెకు గుర్తుంది.

కాబట్టి రాయించండి. తల్లిదండ్రులు కాదు, పిల్లలే రాయాలి. ఉత్తరం చిన్నదిగా ఉండాలి: హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, ఆడే స్థానం, జీపీఏ (గ్రేడ్ల సగటు), రాబోయే టోర్నమెంట్లలో ఏ రోజు ఏ మైదానంలో ఆడుతున్నారో, రెండు మూడు నిమిషాల వీడియో. పిచర్ అయితే బంతి వేగం, క్యాచర్ అయితే పాప్ టైమ్ (పట్టిన బంతిని విసిరితే రెండో బేస్‌కు చేరడానికి పట్టే సమయం), బేస్‌బాల్ ఫీల్డర్ అయితే 60 గజాల పరుగు సమయం. అంకెలు పెంచి రాయవద్దు. కోచ్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది.

క్యాంపు ఆహ్వానం సంగతికి వస్తే, కాలేజీ నిర్వహించే క్యాంపు అందరికీ తెరిచి ఉండాలన్నది ఎన్‌సీఏఏ నియమం. వయసు, తరగతి, సంఖ్య వంటి పరిమితులు మాత్రమే పెట్టుకోవచ్చు. మీ పిల్లల పేరుతో వచ్చిన ఆ అందమైన ఈమెయిల్ వందల ఇళ్లకు వెళ్లి ఉంటుంది. క్యాంపు దండగ అనడం లేదు. పిల్లలు నిజంగా చేరాలనుకునే కాలేజీ అయి, కోచ్ వాళ్ల ఆట అప్పటికే ఎంతో కొంత చూసి ఉంటే వెళ్లడం మంచిదే. ఆహ్వానం వచ్చింది కదా అని విమాన టికెట్లు కొనేయకండి.

ఇక ఉచిత చదువు. ఇక్కడ లెక్క చూద్దాం. దశాబ్దాలుగా డివిజన్ 1 బేస్‌బాల్ జట్టుకు అనుమతించింది 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన డబ్బు. దాన్ని గరిష్ఠంగా 27 మందికి పంచేవారు. సగటు తీస్తే ఒక్కొక్కరికి సగం ఫీజు కూడా రాదు. సాఫ్ట్‌బాల్‌లో 12. డివిజన్ 2లో బేస్‌బాల్‌కు 9, సాఫ్ట్‌బాల్‌కు 7.2. డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్ అన్నదే లేదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ లేదు. ఫుట్‌బాల్ వాళ్ల పూర్తి స్కాలర్‌షిప్ కథ విని మనవాళ్లు బేస్‌బాల్‌కు అన్వయించుకుంటున్నారు.

2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ కేసు (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) ఒప్పందంతో ఈ లెక్క మారింది. ఆ ఒప్పందంలో చేరిన డివిజన్ 1 కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి, దాని చోట జట్టు సంఖ్య మీద పరిమితి వచ్చింది. బేస్‌బాల్‌కు 34 మంది, సాఫ్ట్‌బాల్‌కు 25. కోరుకుంటే అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వాలన్న బలవంతం లేదు, అంత డబ్బు అన్ని కాలేజీల దగ్గరా లేదు. స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చేరి తర్వాత నిరూపించుకుందామనుకునే పిల్లలకు ఈ మార్పు వల్ల చోట్లు తగ్గుతున్నాయి. సందేశంలో దీని ఊసే లేదు.

మార్కులు ఎవరూ అడగరన్నది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూలులో 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి. ఇంగ్లిష్ నాలుగేళ్లు, ఆల్జీబ్రా 1 లేదా ఆపై స్థాయి గణితం మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సాంఘిక శాస్త్రం రెండేళ్లు, మిగిలినవి అదనపు కోర్సులు. ఆ కోర్సుల్లో జీపీఏ కనీసం 2.3 ఉండాలి, డివిజన్ 2కు 2.2. అన్నిటికంటే ముఖ్యమైన నియమం చాలామందికి తెలియదు: 16లో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలవకముందే పూర్తి కావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, గణితం, సైన్స్ అయి ఉండాలి. డివిజన్ 1 కోసం ఆ పది గ్రేడ్లు అక్కడితో ఖరారవుతాయి. తర్వాత మళ్లీ రాసి పెంచుకుందామంటే కుదరదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మన పిల్లల్లో చాలామంది ఆల్జీబ్రా 1 ఎనిమిదో తరగతిలోనే చదివేస్తారు. అది కూడా లెక్కలోకి వస్తుంది, అయితే హైస్కూలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పట్టికలో) గ్రేడుతో, క్రెడిట్‌తో కనిపించాలి, ఆ స్కూలు ఆమోదిత కోర్సుల జాబితాలోనూ ఉండాలి. కౌన్సెలర్‌ను అడిగి ఇప్పుడే చూసుకోండి. ప్రవేశ పరీక్షలైన శాట్, ఏసీటీ స్కోర్లను ఎన్‌సీఏఏ 2023 జనవరిలో తన నిబంధనల నుంచి తీసేసింది. కొన్ని కాలేజీలు మాత్రం ప్రవేశానికి అడుగుతున్నాయి, ఆ రెండూ వేరు. డివిజన్ 3లోనైతే మంచి మార్కులే డబ్బు. అక్కడ చదువును బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం చాలా ఇళ్లలో క్రీడా స్కాలర్‌షిప్ కంటే ఎక్కువ వస్తుంది.

కోచ్ మాట ఇస్తే సీటు ఖాయమా? నోటిమాట ఎవరినీ కట్టిపడేయదు, కోచ్‌నూ, పిల్లలనూ. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయి పదకొండో తరగతిలో ఒక కాలేజీకి మాట ఇచ్చాడు, ఇంట్లో కేకు కోసి పండుగ చేశారు. ఏడాది తిరక్కుండా ఆ కోచ్ వేరే చోటికి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాళ్లు "మా ప్రణాళికలో మీ అబ్బాయి లేడు" అని ఒక్క ఫోన్‌తో ముగించారు. అప్పటికి మిగతా కాలేజీల జట్లు నిండిపోయాయి. లిఖితపూర్వక ఆఫర్ ఇవ్వడానికి డివిజన్ 1 కోచ్‌లకు పన్నెండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా అనుమతి లేదు. నవంబరులో సంతకాలు మొదలవుతాయి. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే, 1964 నుంచి ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు సంతకం చేసేది ఆర్థిక సహాయ ఒప్పందం మీద. అది చేతికి వచ్చేదాకా మిగతా కోచ్‌లతో మర్యాదగా మాట్లాడుతూనే ఉండమనండి.

రిక్రూటింగ్ సర్వీసు గురించి ఎక్కువ చెప్పను. వీడియో తీయడం, జాబితా తయారుచేయడం చేతకాని ఇళ్లకు అది ఉపయోగపడవచ్చు. కానీ వచ్చిన స్కాలర్‌షిప్‌లో వాటా అడిగే సర్వీసుతో ఒప్పందం చేసుకుంటే పిల్లల అర్హతకే ముప్పు. సందేశం భయపెట్టిన ఉల్లంఘన ఏదైనా ఉంటే ఇక్కడుంది.

మన కుటుంబాలకు అతి ముఖ్యమైన విషయం సందేశంలో అసలు లేదు: వీసా. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు క్రీడా స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, ఎన్‌సీఏఏ పౌరసత్వం అడగదు. అమెరికా కేంద్ర ప్రభుత్వ విద్యా సహాయం మాత్రం వాళ్లకు రాదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఆగిపోతుంది, కాబట్టి చదువు మధ్యలో ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారే సంగతి ముందే ఆలోచించాలి. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఎన్‌సీఏఏ ఒప్పుకున్నంత మాత్రాన వలస చట్టం ఒప్పుకున్నట్టు కాదు. పని అనుమతి లేని పిల్లలు స్థానిక దుకాణం ప్రకటనలో కనిపించి డబ్బు పుచ్చుకుంటే వీసా స్థితికే ప్రమాదం రావచ్చు. అలాంటి కాగితం ఏదైనా సంతకానికి వస్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి.

మా వదిన వాళ్ల అబ్బాయికి ఆ ఆగస్టు 1 ఇంకా దూరంలోనే ఉంది. ఈ వారాంతం ఇరవై కాలేజీల జాబితా రాసుకుంటానన్నాడు. ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కిందో లేదో సోమవారం కౌన్సెలర్‌ను అడగమని చెప్పాను.