పన్నెండో వరస గురించి రిలీజ్ నోట్స్ గారికి

మహారాజశ్రీ రిలీజ్ నోట్స్ గారికి,

తమరు కుశలమే. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఏం మారిందో చెప్పే పట్టీ కదా తమరు, ఆరు నెలలకోసారి కొత్త అంకె తగిలించుకుని వస్తూనే ఉన్నారు కాబట్టి తెలుస్తోంది. నా సంగతంటారా, నిన్న మధ్యాహ్నమంతా తమకే సమర్పించుకున్నాను.

"డాక్స్ ఫైళ్లలో టేబుళ్ల అమరిక మెరుగుపడింది" అన్నారు, అంటే మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైళ్లలో. ఆ ముక్క కోసమే ఆరేళ్లుగా కాచుక్కూర్చున్నాను. పాత వెర్షన్ తీసేసి కొత్తది వేసి, నా ఫైలు తెరిచాను. పన్నెండు వరసల టేబులది. పదకొండు వరసలు మొదటి పేజీలో బుద్ధిగా కూర్చున్నాయి. 'మొత్తం' అని ఉండే పన్నెండోది ఎప్పట్లాగే రెండో పేజీకి జారి ఒంటరిగా నిలబడింది.

ఫాంటు తేడా అనకండి. క్యాలిబ్రి లేనిచోట అక్షరాల వెడల్పు సరిగ్గా దానంతే ఉండే కార్లిటోను పెడతారు, ఆ తెలివికి చప్పట్లు కొట్టినవాణ్ని నేను. ఒక్క మాట కూడా పక్క లైనుకి జరగలేదు. జరిగింది వరస.

ఆరేళ్ల కిందటే ఈ బగ్ గురించి రాశాను. ఫైలు జతచేశాను, స్క్రీన్‌షాట్ పెట్టాను. మీవాళ్లు దానికి 'న్యూ' అని హోదా ఇచ్చారు. ఇవాళ్టికీ అది న్యూయే! ఏడాదికోసారి మాత్రం ఠంచనుగా ఒక ఆటోమేటిక్ మెయిల్ వస్తుంది: కొత్త వెర్షన్‌లో కూడా ఉందేమో దయచేసి చూసి చెప్పండి. నేను దించుకుంటాను, చూస్తాను, "ఉంది" అని రాస్తాను. నిన్నటిది ఆరో "ఉంది". ఎవరూ చెయ్యి పెట్టకపోతే అది ఎలా పోతుందండీ? మందు వెయ్యరు గానీ కట్టు విప్పి పుండు చూపించమంటారు, అదీ ఏటా!

సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, మీరే దిద్ది ప్యాచ్ పంపొచ్చు అంటారు. దాహమేస్తోందంటే గునపం ఇచ్చినట్టుంది. డార్క్ మోడ్‌ని ఎన్నోసారి బాగుచేశారో అడగను. మీరు వాడే ఓడీఎఫ్ ఫైలు పద్ధతికి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా ఐఎస్‌ఓ ముద్ర పడిందనీ తెలుసు, కానీ నాకు ఫైళ్లు పంపేవాళ్లకి ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇదంతా నిన్న రాత్రే పంపేసేవాణ్ని. అంతలో బగ్ కింద ఎవరో రాశారు, "నా దగ్గరా వస్తోంది" అని. జీతం భత్యం లేని ఆ మనిషి సాఫ్ట్‌వేర్ పాత బిల్డులు, అంటే పాత ప్రతులు, ఒక్కొక్కటే వేసి చూసి, ఏ మార్పుతో ఆ వరస జారడం మొదలైందో పట్టుకున్నారు. మూడు లైన్లే రాశారు. నాలుగుసార్లు చదువుకున్నాను.

సరే, తర్వాతి వెర్షన్ ఎప్పుడో చెప్పండి. వేసి చూస్తాను.

ఇట్లు,
రెండో పేజీలో ఒంటరిగా ఉన్న 'మొత్తం' తరఫున,
తమ విధేయుడు