కారు పొడవొక్కటే కొలిస్తే ట్రాఫిక్ తగ్గదు

చిన్న కార్లు వస్తే ట్రాఫిక్ సగానికి తగ్గుతుందనే వాదన లెక్కకు నిలవదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. ముందు బండికి రెండు సెకన్ల ఎడం ఇస్తే మధ్యలో 22 మీటర్ల ఖాళీ ఉంటుంది. అంత ఖాళీ ఉన్నచోట కారు పొడవు ఒక మీటరు తగ్గినా కలిసొచ్చేది దాదాపు 4 శాతమే.

అయినా నగరాలకు చిన్న కార్లే కావాలి. ఎందుకంటే రోడ్డు బిగుసుకుపోయేది బండ్లు ఆగేచోట, తిరిగేచోట, ఎదురుపడేచోట.

ముందుగా సిగ్నల్ దగ్గర చూద్దాం. రెండు కూడళ్ల మధ్య 150 మీటర్లే ఉందనుకోండి. ఆగిన బండ్ల మధ్య ఎడం 2 మీటర్లకు మించదు కాబట్టి ఇక్కడ పొడవుకు విలువ పెరుగుతుంది. 4.6 మీటర్ల కార్లు ఒక వరుసలో 22 పడితే, 3.4 మీటర్లవి 27 పడతాయి. పట్టని ఆ ఐదు కార్లే వెనక కూడలి మధ్యలో నిలబడి, అడ్డంగా వెళ్లాల్సిన వాళ్లను పచ్చలైటు పడ్డా కదలనివ్వవు. ఒక కూడలిలో మొదలైన జామ్ నాలుగు కూడళ్లకు పాకేది ఇలాగే.

వెడల్పు చేసే నష్టం ఇంకా ఎక్కువ. ఏడున్నర మీటర్ల వీధికి రెండువైపులా 1.8 మీటర్ల వెడల్పున్న కార్లు, అంచుకు 20 సెంటీమీటర్లు వదిలి నిలిపి ఉన్నాయనుకుందాం. మధ్యలో మిగిలేది మూడున్నర మీటర్లు. అద్దాలతో కలిపి 2 మీటర్లుండే రెండు కార్లు ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. నిలిపినవీ నడిచేవీ అన్నీ 1.48 మీటర్లవైతే మధ్యలో 4 మీటర్లకు పైగా మిగులుతుంది, రెండూ నెమ్మదిగా తప్పుకుంటాయి. రోడ్డు అదే, బండ్ల సంఖ్య అదే. అయినా ఒక వరుస వీధి రెండు వరుసలదైంది.

యూ టర్న్ సంగతీ అంతే. మలుపు వ్యాసార్ధం 4.5 మీటర్లున్న కారు 9 మీటర్ల రోడ్డులో ఒకే ఊపున తిరుగుతుంది. 5.7 మీటర్లదైతే 11 మీటర్లకు పైగా కావాలి. అంత వెడల్పు లేనిచోట ముందుకూ వెనక్కీ ఆడించే ఆ కాసేపూ రెండువైపులా రాకపోకలు ఆగిపోతాయి.

జపాన్‌లో కేయి అనే చిన్న కార్ల తరగతికి పెట్టిన నిబంధన దీన్ని సరిగ్గా పట్టుకుంది. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఎత్తు 2 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ దాటకూడదు. భారతదేశంలో 2006 నుంచి పన్ను రాయితీకి పెట్టిన కొలత 4 మీటర్ల పొడవు. ఇంజిన్‌కూ పరిమితి ఉంది గానీ వెడల్పుకు లేదు. దాంతో తయారీదారులు పొడవును 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, వెడల్పును 1.8 మీటర్ల దాకా తీసుకెళ్లారు. అలాంటి కారు ఆక్రమించే నేల 7.2 చదరపు మీటర్లు, కేయి కారుకు 5 చాలు. నలభై శాతానికి పైగా ఎక్కువ చోటు తీసుకునే బండికి చిన్న కారు రాయితీ ఇవ్వడం విధాన లోపమే.

పారిస్ 2024 అక్టోబరు నుంచి బరువైన కార్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చేసింది. మంచి అడుగే, కానీ స్థానిక నివాసులను మినహాయించింది. పైగా బరువు కన్నా పొడవును వెడల్పుతో గుణించి వచ్చే వైశాల్యం మీద రుసుము వేయడం న్యాయం. రెండు కొలతలూ రిజిస్ట్రేషన్ సమయంలోనే నమోదు చేయవచ్చు, కొత్త యంత్రాంగం అక్కర్లేదు. రోడ్డు పక్క పార్కింగ్ గీతలు కూడా రెండు కొలతల్లో గీయాలి. అన్నీ 5 మీటర్ల గడులే అయితే చిన్న కారు మిగిల్చిన చోటు ఎవరికీ దక్కదు.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. రోడ్డు కాస్త ఖాళీ అయితే, రద్దీకి జంకి ఇంట్లో ఆగిన కార్లన్నీ బయటికొస్తాయి. అందుకే మిగిలిన వెడల్పును వెంటనే బస్సు వరుసకో, కాలిబాటకో రాసివ్వాలి. 12 మీటర్ల బస్సు 60 మందిని మోస్తుంది. అంతమందిని ఇద్దరేసి చొప్పున తీసుకెళ్లాలంటే 30 కార్లు కావాలి, అవెంత చిన్నవైనా సరే.