పై మొత్తం మాకు, కింది మొత్తం వాళ్ళకి

మా మావయ్య పొలానికీ ఆయన చిన్నాన్న కొడుకు, అంటే మా చిన్నమావయ్య పొలానికీ మధ్య కాగితం మీద తిన్నటి గీత ఉంది. నేల మీద మాత్రం గెడ్డ ఉంది. గజపతినగరం వైపు, చంపావతి నదిలో కలిసే చిన్న వాగు. వానలకి పొంగి పొంగి ఎగువన అవతలి పొలంలోకి వంపు తిరిగింది, దిగువన మావయ్య పొలంలోకి తిరిగింది. ఎవరి నేల ఎంత పోయిందన్న లెక్క ఏళ్ళ తరబడి తేలలేదు. దసరా వెళ్ళాక పైడితల్లమ్మ సిరిమానుకి ఇద్దరూ ఒకే ఆటోలో విజయనగరం వెళ్తారు. దారిలో ఎవరైనా గెడ్డ మాటెత్తారా, తిరుగు ప్రయాణం వేర్వేరు బస్సుల్లో.

ఇలాంటి ఇంట్లో మనవరాలు ఇంటర్ రెండో ఏడాదికి వచ్చింది. సెలవుకి ఇంటికొచ్చి ఊరుకోకుండా, "వంకర గీత కింద ఎంత జాగా ఉందో కచ్చితంగా చెప్పొచ్చు తాతా, దాన్నే సమాకలనం అంటారు" అంది. మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నారు.

పిల్ల ల్యాప్‌టాప్‌లో జియోజీబ్రా తెరిచింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో, తాను చదువుకునే రోజుల్లోనే మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. గీతల్ని చేత్తో కదుపుతూ లెక్కలు నేర్చుకుంటారని చేశాడు. పాపం, దాయాదుల సంగతి ఆయనకేం తెలుసు!

"ముందు చిన్న ఉదాహరణ. ఈ చదరం ఒక ఎకరం. గెడ్డ ఈ మూల నుంచి ఆ మూలకి ఎక్స్ స్క్వేర్‌లా పోతోంది. దాని కింద నేల నీది. కొలవడానికి నిలువు పట్టీలు వేస్తాం."

నాలుగు పట్టీలు వేసింది. గీత దాటి పైకి పొడుచుకొచ్చే పట్టీలు కూడితే 0.46875. అది పై మొత్తం, అంటే దాదాపు 47 సెంట్లు. గీత లోపలే ఆగిపోయే పట్టీలు కూడితే 22 సెంట్లు కూడా నిండలేదు. అది కింది మొత్తం.

"మరింకేటి! నలభై ఏడూ రాసీ. ఆడికి లెక్క కట్టినప్పుడు ఆ రెండోది ఎయ్యి" అన్నారు మావయ్య.

"ఆగు తాతా, పట్టీలు పెంచాలి" అని పిల్ల స్లైడర్ జరిపింది. 10 పట్టీలకి పై మొత్తం 38.5 సెంట్లు. 100 పట్టీలకి 33.8.

"ఆపు గుంటా, ఆపు! నేల తగ్గిపోతన్నాది!"

వేలు అలా జరిపినంతలో 13 సెంట్లు గల్లంతు. కింది మొత్తం పెరుగుతోంది కదా, రెండూ వచ్చి కలిసేచోటే అసలు జవాబు, ఎకరంలో మూడో వంతు అని పిల్ల చెబుతూనే ఉంది. ఆయన వింటేగా!

ఈ కేకలకి చిన్నమావయ్య పేపరు వంకతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఇక అసలు గెడ్డ. తిన్నటి హద్దుని అడ్డగీత చేసి, గెడ్డని సైన్ తరంగంలా గీసింది. గీత పైన చిన్నతాత పొలం, కింద తాత పొలం. 0 నుంచి 2π (రెండు పై) దాకా. తెర మీద రెండు రంగు వంపులు, పక్కన జవాబు: 0.

"సున్నాయేటి? మా నాన్న నాకు సున్నా ఎకరాలు ఇచ్చినాడేటి?"

"పై వంపు నీకు కలిసొచ్చింది, ప్లస్ 2. కింది వంపు నీకు పోయింది, మైనస్ 2. చెల్లుకి చెల్లు."

నన్నడిగితే ఆ తగువుకి అంతకన్నా మంచి తీర్పు ఏ పెద్దమనిషీ ఇవ్వలేడు. కానీ అది ఇద్దరికీ నచ్చలేదు. చిన్నమావయ్య మౌస్ అందుకుని కుడి హద్దుని π దగ్గరికి లాగారు. జవాబు 2. "చూశావా అన్నయ్యా, నా నేల నీ కింద ఉంది." మావయ్య మౌస్ లాక్కుని, తనకి పోయిన వంపు ఒక్కటే చూపిద్దామని ఎడమ హద్దుని జరపబోయి, ఆ విసురులో కుడి హద్దు కూడా దాటించి 2π దాకా తోసేశారు. రంగు కింది వంపుకే పడింది. జవాబు మాత్రం మళ్ళీ ప్లస్ 2!

"నాకు పోయిన ముక్కే కదా ఇది, ప్లస్సేల చూపిస్తన్నాది?"

"హద్దులు తారుమారైతే గుర్తు మారుతుంది తాతా."

"మిషనే సెప్తన్నాది కదా, ఇంకేటి మాట!" అన్నారు చిన్నమావయ్య.

పిల్ల విసిగిపోయి, గుర్తులు తీసేసి వట్టి వైశాల్యం కూడింది. 4 వచ్చింది. ఆ నాలుగూ నావేనంటే నావేనని ఇద్దరూ లేచారు. అత్తయ్య వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

తర్వాత సర్వేయర్ వచ్చారు. ఆయన చేసేదీ దాదాపు అదే పని. తిన్నటి గీత పట్టి, దాని మీంచి వంపు దాకా అక్కడక్కడ లంబాలు కొలిచి, ముక్కలు ముక్కలుగా కూడటం. ఆయన ఇంకా టేపు విప్పనేలేదు, ఈ గట్టు మీంచి మావయ్య, "బాబూ, నాలుగు పట్టీలు చాలండి, ఎక్కువెయ్యకండి!" అవతలి గట్టు మీంచి చిన్నమావయ్య, "వందెయ్యండి బాబూ! అన్నయ్యకి కింది మొత్తమే రాయండి!"

సర్వేయర్ పెన్ను జేబులో పెట్టుకుని, ఇదంతా వీళ్ళకి ఎవరు నేర్పారని అడిగారు. ఇద్దరూ ఒక్కసారే నా వైపు వేలు చూపించారు. పిల్ల అప్పటికే హాస్టల్‌కి బస్సెక్కేసింది.