బీరువాలో సేద్యం చేసే పాసుపుస్తకం గారికి

మహారాజశ్రీ పట్టాదారు పాసుపుస్తకం గారి దివ్య సముఖమునకు,

తమరి నాలుగెకరాల పత్తి చేను కౌలుకు చేస్తున్నవాడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. హైదరాబాదులో తమరు కూడా బీరువా పై అరలో, పట్టుచీరల మడతల మధ్య, కలరా ఉండల వాసనలో సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఏడూ తమరి సేద్యం బ్రహ్మాండంగా పండిందని విని సంతోషించాను. తెలంగాణ ప్రభుత్వం రైతు భరోసా పేరిట పట్టాదారుకు ఇచ్చే పెట్టుబడి సాయం ఎకరానికి 6,000 చొప్పున వానాకాలంలో 24,000. యాసంగికి లెక్క ప్రకారం మరో 24,000. దుక్కి లేదు, విత్తనం లేదు, కలుపు లేదు. గులాబీ రంగు పురుగు తమరి అట్టను కూడా తాకలేకపోయింది. విచిత్రం ఏమిటంటే, అదే భూమి నా చేతిలో వానాకాలం ఒక్క పంటకే ఆయాసపడుతుంది. నీళ్లు లేక యాసంగిలో బీడు. తమరి చేతిలో మాత్రం ఏటా రెండు పంటలు! ఆదర్శ రైతు సన్మానానికి మా ఊరి నుంచి పేరు పంపమంటే నేను తమరి పేరే చెబుతాను. శాలువా కప్పడానికి వాళ్లు మీ బీరువా దాకా రావాలి, అంతే.

తమరి ప్రాభవం 2018 మే 10న మొదలైంది. హుజూరాబాద్ దగ్గర సభ పెట్టి రైతుబంధు చెక్కులనూ కొత్త పాసుపుస్తకాలనూ కలిపి పంచడం మొదలుపెట్టారు. అప్పుడు ఎకరానికి పంటకు 4,000. మరుసటి ఏడాది 5,000. 2025 జనవరి 26 నుంచి అది రైతు భరోసా అయి 6,000కు చేరింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, చెక్కు పోయి ఫోనులో సందేశం వచ్చింది. మారనిది తమరొక్కరే. వెనుకటి పహాణీలో, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకంలో, అనుభవదారు అని ఒక గడి ఉండేది. చేను ఎవరి చేతిలో ఉందో అందులో రాసేవారు. 2020లో భూమి రికార్డులకు ధరణి అనే వెబ్‌సైటు వచ్చాక ఆ గడి పోయింది. నాలాంటివాడు కాగితం మీద మిగిలిన ఆఖరి చోటు అదే. తమరికి ఇరుకుగా ఉందని తీసేసి ఉంటారు.

ఈ పథకం మీద నాకు కడుపుమంట అనుకునేరు. అలా అనుకుంటే నాకు అన్యాయం చేసినవారవుతారు. తమరి జాతికి చెందినదే ఒకటి మా ఇంట్లోనూ ఉంది. నాన్న వదిలివెళ్లిన రెండెకరాలది. దాని నివాసం బీరువా కాదు, ట్రంకుపెట్టె. ఆ బీద చుట్టం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో తమరికి చెప్పుకోవాలి.

చేతిలో పైసా లేని జూన్ నెల ఎలా ఉంటుందో తమరికి తెలిసే వీలు లేదు. మృగశిర కార్తెలో వాన పడుతుంది. ఊరంతా ఒకేసారి ఎరువుల దుకాణం ముందు నిలబడుతుంది. షావుకారు నల్ల అట్ట ఖాతా పుస్తకం తీస్తాడు. ఏ కంపెనీ విత్తనమో ఆయనే చెబుతాడు. సంచికి ఇంత అని ఆయనే రాస్తాడు. యూరియా అడిగితే దానితోపాటు అక్కర్లేని మందు సీసా ఒకటి అంటగడతాడు. నోరెత్తితే “ఖాతా కదా” అంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. దీపావళి దాటాక పత్తి ఏరితే అది ఆయన కాంటా మీదకే వెళ్లాలి. తరుగు ఆయన చెప్పిందే, ధరా ఆయన చెప్పిందే. లెక్క కట్టి మిగిలింది చేతిలో పెడతాడు. మిగలకపోతే పుస్తకంలో కొత్త పేజీ తిప్పుతాడు.

విత్తే ముందు మా రెండెకరాలకు 12,000 పడిన ఏడు ఏమవుతుందో చూడండి. 2025 ధరల్లోనే చెబుతాను. 901 రూపాయల పత్తి విత్తన ప్యాకెట్లు నాలుగు. 1,350 రూపాయల డీఏపీ సంచులు రెండు. రెండు సంచుల యూరియాకు 533. మొత్తం 6,837. మిగిలిన 5,163 రెండు దఫాల కలుపు కూలీలకు సరిపోదు గానీ, మొదటి దఫాకు ఎవరినీ చేయి చాచి అడగనక్కర్లేదు. మొత్తంగా చూస్తే ఇది పెద్ద సొమ్మేమీ కాదు. పత్తి పెట్టుబడిలో ఇదొక మూలకు వస్తుంది. కానీ వేళకు వచ్చిన ఆ కొంచెం డబ్బుతో దుకాణంలో ఏ విత్తనం కావాలో నేను చెప్పాను. మందు సీసా వద్దన్నాను. బిల్లు అడిగాను. బిల్లు అనే మాట విని షావుకారు నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. ఆ ఏడు నా రెండెకరాల పత్తిని నాకు నచ్చిన చోట అమ్ముకున్నాను. టీవీ చర్చల్లో పెద్దలు, ఊరికే డబ్బిస్తే రైతు సోమరి అవుతాడనీ తాగుడుకు తగలేస్తాడనీ బెంగ పడుతుంటారు. వారికి నా లెక్క చూపించండి. తాగుడు పద్దు ఉంటే అందులో వెతుక్కోమనండి. సోమరితనం విషయంలో మాత్రం మన ఇద్దరిలో ఎవరిని ఉదహరించాలో వారే తేల్చుకుంటారు.

వేళ తప్పితే ఇదంతా తలకిందులవుతుంది. 2023 నవంబరులో పోలింగుకు మూడు రోజుల ముందు, రైతుబంధు సొమ్ము వేయడానికి ఇచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం వెనక్కి తీసుకుంది. 2024 వానాకాలానికైతే ఆ సొమ్ము రానే లేదు. వాన మాత్రం వచ్చింది. నల్ల అట్ట పుస్తకం మళ్లీ తెరుచుకుంది. షావుకారు చాలా ఆప్యాయంగా పలకరించాడు. బీరువాలో ఉన్న తమరికి ఆ లోటు పెద్దగా తెలిసి ఉండదు. మీ యజమాని గారిది పింఛను కుటుంబం. కేంద్రం నుంచి ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్ వారు ఆదాయపు పన్ను కట్టేవారినీ, నెలకు 10,000, అంతకు మించి పింఛను వచ్చేవారినీ పక్కన పెట్టారు కాబట్టి ఆ 6,000 ఆయనకు రావు. రాష్ట్రం సొమ్ముకు ఆ పట్టింపు లేదు. నాకు రెండూ వస్తాయి. కాకపోతే పీఎం కిసాన్ కోసం వేలిముద్ర వేయమంటే యంత్రం నా వేలిని గుర్తుపట్టదు. పారా గొడ్డలీ పట్టి గీతలు అరిగిపోయాయి. “చేతులు కడుక్కుని రా” అన్నాడు అక్కడి కుర్రవాడు. సేద్యం చేసినట్టు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలో నాకు తెలియదు గానీ, యంత్రం లెక్కలో అది లోపం. తమరికి వేళ్లు లేకపోవడం ఎంత సౌకర్యమో!

ఆంధ్రప్రదేశ్‌లోని తమరి దాయాదులు ఒక దశలో కాస్త మెత్తబడ్డారు. 2019లో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలురైతులకూ ఏడాదికి 13,500 ఇస్తామన్నారు. అందుకు సాగు హక్కు కార్డు ఉండాలన్నారు. కార్డుకు భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని రైతు భయం. ఈ ఇద్దరి భయాల మధ్య పాసుపుస్తకం అక్కడా నిశ్చింతగానే ఉంది.

మా పక్క చేను చేసే అతనికి గుంటెడు సొంత భూమి లేదు. అతని సంగతి రాస్తే తమరికి విసుగు వస్తుందేమో, అయినా రాస్తాను. భరోసా అతనికి లేదు. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఆత్మీయ భరోసా ఒకటి ప్రకటించారు. అది ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసినవారికి. ఆ రోజుల్లో అతను తమరిలాంటి మరో పాసుపుస్తకం గారి చేను బాగుచేస్తున్నాడు. రైతు బీమా కింద 5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే వస్తాయి. అతను పట్టాదారు కాడు కాబట్టి చచ్చినా రైతు కాడు. నా రెండెకరాలకు వచ్చిన మార్పు అతని ఇంటి గడప తొక్కలేదు.

సాయం ఎకరానికి ఏడాదికి పదివేల నుంచి పన్నెండు వేలకు పెరిగిన ఏడు, ఆ పెరిగిన రెండు వేలైనా కౌలులో తగ్గించమని మీ యజమాని గారిని అడిగాను. “అది భూమికి ఇచ్చేదయ్యా, నీకెందుకు?” అన్నారు. ఆ వెంటనే, భూమి విలువ పెరిగింది కదా అని కౌలు పదిహేను వేలు చేశారు. మర్యాదస్థులు, మజ్జిగ ఇచ్చి మరీ చెప్పారు.

ఇక అసలు పని. పత్తి ఏరుతున్నాం. ఈసారి, అంటే 2025-26లో, పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110. షావుకారు అంత పెట్టడు కాబట్టి కొనుగోలు కేంద్రానికి తీసుకుపోవాలి. అక్కడ పత్తి కన్నా ముందు తమరిని అడుగుతారు. కాబట్టి తమరి మొదటి పేజీ, ఫొటో ఉన్న పేజీ స్పష్టంగా జిరాక్సు తీయించి పంపమని మీ యజమాని గారితో చెప్పగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఆయనవే కావాలి. డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది. అందులో కౌలు పట్టుకుని మిగతాది సంక్రాంతి లోపు పంపితే కూలీల బాకీ తీరుస్తాను. జిరాక్సు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
తమరి చేను దున్నుతున్నవాడు