చింక్వే తెర్రె: చిన్న గ్రూపు టూరులో అసలు కొనాల్సింది ఏమిటి?

వెనిస్ నగరం 2024లో ఒక నిబంధన తెచ్చింది. గైడ్ వెంట నడిచే గ్రూపులో 25 మందికి మించి ఉండకూడదు, లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అంతకు రెండేళ్ల ముందే బార్సిలోనా తన పాత బస్తీలో 20 మంది దగ్గర గీత గీసింది. టూరిస్టుల తాకిడికి విసిగిపోయిన మధ్యధరా తీరపు ఊళ్లు ఒక్కొక్కటే ఈ దారి పడుతున్నాయి. ట్రావెల్ కంపెనీలు కూడా సంగతి త్వరగానే పసిగట్టాయి. "మేం తీసుకెళ్లేది 12 మందినే" అన్న మాట ఇప్పుడు బ్రోషర్ మొదటి పేజీకి ఎక్కింది. గ్రూపు చిన్నదైతే ఊరికీ మేలే, మనకూ మేలే అని చెప్పకనే చెబుతున్నారు.

అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే ఇటలీ వాయవ్యాన లిగూరియా తీరంలోని చింక్వే తెర్రెకు వెళ్లాలి. రియోమజ్జొరే, మనరోలా, కొర్నీలియా, వెర్నాజా, మొంతెరొస్సొ అనే అయిదు చిన్న ఊళ్లు. అన్నీ కలిపినా జనాభా నాలుగు వేలు దాటదు. ఏటా వచ్చిపోయేవాళ్లు మాత్రం 30 లక్షల పైమాటేనని అంచనా. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, 1999లో జాతీయ పార్కు అయింది. ఇటలీలోని జాతీయ పార్కుల్లో ఇదే అతి చిన్నది, 39 చదరపు కిలోమీటర్లలోపే.

ఇక్కడ నేల తీరే వేరు. కొండ నిటారుగా సముద్రంలోకి దిగుతుంది, మధ్యలో చదునైన చోటు దాదాపు లేదు. 19వ శతాబ్దంలో సొరంగాలు తొలిచి వేసిన రైలు మార్గమే ఈ ఊళ్లకు ఇప్పటికీ ప్రాణాధారం. పెద్ద బస్సులు ఊళ్లలోకి రావు. కాబట్టి ఒంటరిగా వచ్చినవాడైనా, 12 మందితో వచ్చిన గైడ్ అయినా, క్రూయిజ్ షిప్ దిగి వచ్చిన వందల మందైనా చివరికి అదే ఇరుకు ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. ఉద్యోగాలకు, చదువులకు పక్కనున్న లా స్పెజియా నగరానికి వెళ్లి వచ్చే స్థానికులు ఎక్కేదీ అదే రైలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫ్లోరెన్స్ నుంచి ఇక్కడికి పోను రెండు గంటల పైన, రాను అంతే. ఒక్కరోజు టూరు కాబట్టి బస్సయినా వ్యాన్ అయినా పది, పదకొండు గంటలకు చేరి, సాయంత్రం అయిదుకల్లా తిరుగుముఖం పడుతుంది. 45 మందితో వచ్చిన ఒక బస్సు జనం, 12 మంది చొప్పున వచ్చిన నాలుగు వ్యాన్ల జనం మధ్యాహ్నం ఒంటిగంటకు వెర్నాజాలోని అదే వీధిలో, అదే ఐస్‌క్రీమ్ షాపు ముందు కలుస్తారు. ఊరికి కనిపించేది ఒకటే గుంపు. మన గ్రూపు చిన్నదని ఆ వీధికి తెలియదు. వ్యాన్‌లో కూర్చున్న 12 మందికి సీటు సౌకర్యంగా ఉండొచ్చు, గైడ్ పేరు పెట్టి పిలవొచ్చు. అంతకుమించి ఊరికి ఒరిగేదేమీ లేదు.

నా ఉద్దేశంలో ఈ తీరంలో చిన్న గ్రూపు టూరు విలువ గంటల్లో ఉంది. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత అక్కడ ఉండగలుగుతున్నామా? గుంపు నడవని దారిలో నడిపించగలవాళ్లు మన వెంట ఉన్నారా? ఈ రెండూ ఉంటే 16 మంది గ్రూపు కూడా చిన్నదే. ఇవి లేనప్పుడు ఎనిమిది మందైనా బస్సు టూరే.

సంఖ్యకు అసలు విలువే లేదని కాదు. కొండ దారుల్లో చాలాచోట్ల ఎదురుగా ఒక మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు పక్కకు ఒదగాల్సిందే. మొంతెరొస్సొ, వెర్నాజా మధ్య దారిని బాగా రద్దీగా ఉండే రోజుల్లో కొన్ని గంటలపాటు వన్‌వే చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఇక్కడి భోజనశాలల్లో చాలావాటికి 45 మందిని ఒకేసారి కూర్చోబెట్టే చోటుండదు. 12 మందైతే ముందురోజు ఫోన్ చేసి రెండు బల్లలు పట్టుకోవచ్చు. రైలు ఎక్కేటప్పుడు ఒకరు కిందే మిగిలిపోయారేమోనన్న టెన్షన్ కూడా తగ్గుతుంది. ఇవన్నీ నిజమైన సౌకర్యాలే, ఎక్కువ డబ్బు పెట్టడానికి తగినవే.

డబ్బు దగ్గర కొంచెం ఆగాలి. గైడ్ రోజుకు 300 యూరోలు తీసుకుంటారనుకుందాం. 45 మంది పంచుకుంటే తలకు 7 యూరోలలోపే పడుతుంది, 12 మందైతే 25. వ్యాన్, డ్రైవర్, హోటల్ బేరం అన్నిట్లోనూ ఇదే తేడా. అందుకే చిన్న గ్రూపు టూరు పెద్ద బస్సు ధరకే వస్తోందంటే సంతోషించే ముందు ఏం తీసేశారో చూసుకోవాలి. సాధారణంగా తీసేసేది గైడ్‌నే. ఇటలీలో లైసెన్సు ఉన్న గైడ్ వేరు, గ్రూపును వెంటబెట్టుకుని తిప్పే టూర్ లీడర్ వేరు. గైడ్ల వృత్తిపై 2023లో కొత్త చట్టమే చేసి, దేశమంతటికీ వర్తించే పరీక్ష పెట్టారు. టూర్ లీడర్ టికెట్లు ఇస్తాడు, తలలు లెక్కపెడతాడు, నాలుగింటికి స్టేషన్ దగ్గర కలుద్దామంటాడు. ఆ మాత్రం పని ఫోన్ కూడా చేస్తుంది.

మంచి గైడ్ ఏం చేస్తారో తెలిసేది ప్లాన్ చెడిపోయిన రోజునే. ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే. పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కొన్ని ప్రాంతీయ రైళ్లు తప్పనిసరిగా నడుస్తాయి. ఆ సంగతి తెలిసిన మనిషి రోజంతా దాని చుట్టూ అల్లుకుంటారు. సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి. ఆరెంజ్, రెడ్ వాతావరణ హెచ్చరిక వస్తే నడక దారులు మూసేస్తారు. మొత్తం ప్రయాణమే మూడు రోజులైతే అందులో ఒకటి ఇలా పోవడం చిన్న నష్టం కాదు. గైడ్‌కు ఇచ్చే డబ్బు ఒక రకంగా ఆ రోజు కోసమే.

ఇక గుంపు నడవని దారి. మనరోలా నుంచి కొర్నీలియాకు చాలామంది రైల్లో వెళ్లిపోతారు. కొండమీదున్న వొలాస్త్రా అనే పల్లె గుండా కాలిబాట ఉంది. రెండున్నర, మూడు గంటల నడక. మొంతెరొస్సొ, వెర్నాజా, కొర్నీలియాల మధ్య సముద్రపు ఒడ్డున సాగే దారికి టికెట్ కార్డు కావాలి, దీనికి అక్కర్లేదు. ద్రాక్షతోటల మధ్య నుంచి సాగే ఈ దారిలోనే చింక్వే తెర్రె అసలు రూపం కనిపిస్తుంది. కొండవాలును మెట్లు మెట్లుగా కోసి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. ఒక్కో మెట్టు ఒక చిన్న పొలం. వందల ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చిన ఈ గోడల పొడవు ఆరువేల కిలోమీటర్ల పైనే ఉంటుందని పార్కు అంచనా. ఈ తరహా గోడలు కట్టే విద్యను ఇటలీ, క్రొయేషియా, గ్రీస్ వంటి ఎనిమిది దేశాల పేరున యునెస్కో 2018లో గుర్తించింది.

సిమెంటు లేకపోవడం లోపం కాదు. వాన నీరు రాళ్ల సందుల్లోంచి మెల్లగా జారిపోతుంది కాబట్టే గోడ నిలబడుతుంది. కానీ ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట రాళ్లు ఊడతాయి, ఎవరో ఒకరు తిరిగి పేర్చాలి. రైతు కొడుకు గోడలు కట్టడం మానేసి గదులు అద్దెకివ్వడం మొదలుపెడితే, ఆ పని చేసేవాళ్లు ఉండరు. చాలా మెట్లు పొదలు పట్టిపోయాయి. పాడుబడిన గోడ వెనక మట్టి నానినప్పుడు కొండ కిందికి జారుతుంది. 2011 అక్టోబరు 25న కొన్ని గంటలు కురిసిన కుండపోతకు వెర్నాజా ప్రధాన వీధి మట్టి, రాళ్లతో పూడిపోయింది. ఊళ్లో ముగ్గురు చనిపోయారు, మొంతెరొస్సొ కూడా దారుణంగా దెబ్బతింది. ఆ మరుసటి ఏడాది రియోమజ్జొరే, మనరోలా మధ్య ఉన్న 'ప్రేమ దారి' మీద రాళ్లు పడి నలుగురు ఆస్ట్రేలియా పర్యాటకులు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ బాటను మళ్లీ తెరవడానికి 2024 దాకా పట్టింది. ఇప్పుడు దానికి టికెట్టు, టైమ్ స్లాటు.

అంటే టూరిస్టులు ఫొటో తీసుకునే ఆ రంగురంగుల ఊళ్లను నిలబెడుతున్నది వాటి వెనక కొండ మీది పని. టూరిజం ఆ పని చేసేవాళ్లను కిందికి లాగేసింది, మిగిలినవాళ్లకు వైన్ అమ్ముకునే దారి కూడా చూపించింది. షక్కెత్రా అనే తియ్యని వైన్‌ను, ఎండబెట్టిన ద్రాక్షతో, కొద్ది మొత్తంలోనే చేస్తారు. పొలాలు ఎంత నిటారుగా ఉంటాయంటే, కోసిన ద్రాక్షను ఒకే రైలు పట్టా మీద నడిచే చిన్న బండ్లలో మోస్తారు. టూరిజం చేసిన మేలూ కీడూ రెండూ చెప్పగలిగిన గైడ్, వీలైతే తోట రైతుతోనే ఓ గంట మాట్లాడించగలిగిన గైడ్ దొరికితే, ఆ టూరు ధర గురించి నేను పేచీ పెట్టను.

రాత్రి అక్కడే ఉండాలన్న నా వాదనకు ఓ చిక్కు ఉంది. అందరూ అలాగే ఉంటే మరిన్ని ఇళ్లు అద్దె గదులైపోతాయి. అందుకే మంచి టూరు లెవాంతోలో బస పెట్టాలంటాను. మొంతెరొస్సొ నుంచి రైల్లో అయిదారు నిమిషాలు. మామూలు జనం బతికే ఊరు, ఇసుక బీచ్, పాత రైలు సొరంగాల గుండా పక్క ఊళ్లకు సైకిల్ బాట. అక్కడ పడుకుని పొద్దున మొదటి రైళ్లలో దిగితే, ఫ్లోరెన్స్ వ్యాన్లు వచ్చేసరికి కొండ ఎక్కేసి ఉంటారు.

మనవాళ్లు పెద్ద బస్సును వదలకపోవడానికి ప్రధాన కారణం భోజనం. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లే యూరప్ ప్యాకేజీల్లో 'ఇండియన్ డిన్నర్' అన్నది హోటల్ స్టార్ల కంటే ముందు చూసే అంశం. శాకాహారులకు ఆ భయం ఉండటంలో తప్పు లేదు. అయితే ఇటలీలో వాళ్లకు బాగా కలిసొచ్చే ప్రాంతాల్లో లిగూరియా ఒకటి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పొయ్యిలో కాల్చే ఫరినాతా, రకరకాల ఫొకాచా రొట్టెలు, తులసి జాతి ఆకుతో చేసే పెస్టో అన్నీ ఇక్కడివే. జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. మొంతెరొస్సొ అంటేనే ఆంకోవీ చేపలు, అవి కనిపించని చోట్ల కూడా కలుస్తాయి. పెస్టోలో వేసే పార్మజానో చీజ్‌ను పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్లకు అది పనికిరాదు. 45 మంది బస్సులో ఈ మాట వంటవాడి దాకా చేరదు. 12 మందిలో చేరుతుంది. సంఖ్య నిజంగా పనికొచ్చేది ఇలాంటిచోటే.

అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు మెట్ల సంగతి ముందే కనుక్కోవాలి. కొర్నీలియా స్టేషన్ నుంచి ఊళ్లోకి 382 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన మోకాళ్లకు ఇదో లెక్కా అనిపించొచ్చు కానీ, తిరుమల మొక్కు వేరు, మధ్యాహ్నం ఎండలో ఐస్‌క్రీమ్ కోసం ఎక్కడం వేరు. స్టేషన్ నుంచి చిన్న బస్సు ఉంది. టూరువాళ్లు దాని ఊసెత్తకుండా 'తేలికపాటి నడక' అని మాత్రమే రాస్తే, వివరాలు రాతపూర్వకంగా అడగండి. చెప్పుల గురించి కూడా చెప్పాలి. హవాయి చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా వేస్తామని పార్కు 2019లోనే ప్రకటించింది.

పది రోజుల్లో అయిదు దేశాలు చుట్టేయాలన్న మన తొందరకూ కారణం ఉంది. విమాన టికెట్టు, షెంగెన్ వీసా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపులు, ఇంత ఖర్చుపెట్టి ఒకే తీరంలో నాలుగు రోజులా అనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ లెక్క న్యాయమే. పీసా వాలు గోపురం చూసి, దగ్గరే కదా అని అదే రోజు మధ్యాహ్నం చింక్వే తెర్రె కలిపే ప్యాకేజీని మాత్రం నేను సిఫార్సు చేయను. అందులో మిగిలేది ప్లాట్‌ఫారం జ్ఞాపకమే. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ భారతీయులకు నిబంధనలు సడలించింది. మూడేళ్లలో రెండుసార్లు వీసా తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్లపాటు చెల్లే మల్టిపుల్ ఎంట్రీ వీసా వచ్చే వీలుంది. చిన్న టూర్లు సరిపోయేది ఈ రెండో, మూడో ప్రయాణం వాళ్లకు.

జర్మనీలో, నెదర్లాండ్స్‌లో ఉద్యోగాలు, చదువుల్లో ఉన్న తెలుగువాళ్లకైతే మూడు రోజుల పూర్తి టూరు అనవసరమే అనుకుంటాను. రైలు యాప్ చూడటం వాళ్లకు కొత్త కాదు. ఆ అయిదు ఊళ్ల మధ్య ఒక్కో రైలు ప్రయాణానికి సీజన్‌ను బట్టి 5 నుంచి 10 యూరోలు పడుతుంది కాబట్టి, రైలు, నడక దారులు కలిపి ఇచ్చే రోజువారీ కార్డు తీసుకుంటే చాలు. లెవాంతోలో గది వాళ్లే బుక్ చేసుకుని, వొలాస్త్రా నడకకు మాత్రం సగం రోజుకు లైసెన్సు ఉన్న గైడ్‌ను పెట్టుకుంటే టూరు కంపెనీకి ఇచ్చే దానిలో చాలా మిగులుతుంది. ఏప్రిల్ 25, మే 1 ఇటలీలో సెలవులు కాబట్టి ఆ వారం వద్దు. ద్రాక్ష కోతలు చూడాలంటే సెప్టెంబరు మంచిది. అక్టోబరు చివరికి వెళ్తే కుండపోత వానల భయం ఉంటుంది కాబట్టి, రద్దు చేసుకోగలిగిన బుకింగులే చేసుకోండి.